ఎడమ అద్దం వేడెక్కేదాకా

మా కారు పక్కద్దం మీద ఆమ్లెట్ వేస్తానని చెప్పి ఒకాయన్ని నమ్మించాను. నాచారంలో మా ఆఫీసు గేటు ఎదురుగా ఉన్న చాయ్ బండి దగ్గర, ఓ చలికాలం పొద్దున జరిగిన సంగతి. "వెనకద్దానికి ఒక బటన్ ఉంటుంది, అది నొక్కితే పక్కద్దాలు కూడా కాగుతాయి, ఉప్పల్లో గుడ్డు కొట్టి పోశానంటే నాచారం వచ్చేసరికి రెండో పక్కకి తిప్పుకోవడమే" అన్నాను. స్టోర్సులో పనిచేసే ఆ పెద్దమనిషి మర్నాడు చిన్న డబ్బాలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి పట్టుకొచ్చి, కారు ఎక్కడ పెట్టావని అడిగాడు.

అందులో అబద్ధం ఆమ్లెట్ వరకే. అద్దం వేడెక్కడం నిజం. మాకంటే ముందు ఆ కారు కొన్నవాడెవడో సరదాపడి పై మోడల్ తీసుకున్నాడు. దాని పక్కద్దాల వెనక పల్చటి హీటర్ రేకు అతికించి ఉంటుంది. మంచు పట్టినప్పుడు, జల్లు పడినప్పుడు ఆ బటన్ నొక్కితే అద్దం మెల్లగా వెచ్చబడి, పైనున్న తేమ ఆరిపోతుంది. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. వేడంటే ఏదో మహా వేడి కాదు, జ్వరం తగ్గుముఖం పట్టినవాడి నుదురంత.

ఆ కారు నడిపేది మా ఆవిడ. నలభై దాటాక, నేను వద్దంటుంటే, పీర్జాదిగూడ వైపు ఖాళీ వెంచర్లలో నేర్చుకుంది. తను జవహర్‌నగర్‌లో ప్రభుత్వ బడిలో లెక్కలు చెబుతుంది. పదో తరగతి పిల్లలకు బడి గంట కొట్టకముందే ప్రత్యేక తరగతులు. అందుకని ఉప్పల్లో ఇంకా పాల ప్యాకెట్లు దించుతుండగానే బయలుదేరాలి. నాచారం, మల్లాపూర్, కుషాయిగూడ, దమ్మాయిగూడ. రెండు బస్సులూ ఒక షేర్ ఆటో మారి వెళ్లిన రోజులు తనకి చాలా ఉన్నాయి. స్టీరింగు చేతికి వచ్చాక మళ్లీ ఆ ఆటో ముఖం చూడనంది.

నా భయమల్లా ఆ దారి. నగరం మొత్తం తిని పారేసినదంతా ఆ దారినే జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి పోతుంది. ఆ చెత్త లారీలు ఎంత పొడుగంటే, ముందు చక్రాలు దమ్మాయిగూడ దాటినా వెనక భాగంలో కుషాయిగూడ చెత్త ఇంకా ఎక్కిస్తూనే ఉంటారు. ఇది నేను చాలాసార్లు చెప్పాను, ఎవరూ నవ్వడం మానలేదు. కానీ చలికాలం తెల్లవారుజామున అక్కడ మంచూ, చెత్త కాలిన పొగా కలిసి రోడ్డు మీద దుప్పటి పరిచినట్టు పడుకుంటాయి. ఆ దుప్పటి కింద లారీ ఎంత పొడుగో ఎవరికీ తెలియదు. అది నవ్వులాట కాదు.

కార్తీకం వెళ్లాక ఒక సాయంత్రం తను ఇంటికొచ్చేసరికి ఎడమ అద్దం వైర్లకు వేలాడుతోంది. తలకు పెట్టుకునే రబ్బరు బ్యాండుతో దాన్ని తలుపుకి బిగించి కట్టింది. గాజు సగం లేదు.

"ఏమైంది?"

"పొద్దున వెళ్లేటప్పుడు లారీ రాసుకుంటూ పోయింది. ఎడమ పక్కనుంచి వచ్చాడు. నేనసలు చూడలేదు."

"చూడలేదంటే?"

"అద్దం మీద మంచు. బటన్ నొక్కాను, ఇంకా ఆరలేదు. ఈలోపే వచ్చేశాడు." చెప్పులు విప్పుతూ అంది. "అన్నం తిన్నారా?"

నేను కిందికి వెళ్లి కారు చుట్టూ తిరిగాను. తలుపు మీద గీత కూడా పడలేదు. అద్దాన్ని మాత్రం విరిచి పోయాడు. అద్దానికీ ఎడమ సీటుకీ మధ్య ఎంత దూరం ఉందో జానతో కొలిచాను. ఆ సీటుకీ తను కూర్చునే సీటుకీ మధ్య కూడా కొలిచాను. కొలిచి ఏం చేద్దామనుకున్నానో తెలియదు. పైకి వచ్చేసరికి నా అన్నం చల్లారిపోయింది.

ఆ రాత్రి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. అద్దం బాగయ్యేదాకా కారు నేను నడుపుతాను, తనని బడి దగ్గర దింపి వెనక్కి నాచారం వస్తాను.

"బాగయ్యాక?" అంది.

"బాగయ్యాక నీ ఇష్టం."

"ఏదీ, మళ్లీ అనండి."

మళ్లీ అన్నాను. నాతో పాతికేళ్లు కాపురం చేసిన మనిషి కదా, నా మాట ఒకసారి వింటే చాలదని తెలుసు.

అలా ఆ అద్దం బాగుపడితే తను ఒంటరిగా ఆ మంచులోకి వెళుతుంది. బాగుపడకపోతే వెళ్లదు. బాగు చేయించాల్సింది నేను. ఇంత తెలివితక్కువ ఏర్పాటు చేసుకున్నవాణ్ణి మా వంశంలోనే చూడలేదు.

ఉప్పల్ రింగు రోడ్డు పక్కన కార్ల అద్దాలు, బంపర్లు అమ్మే కొట్టుకి తీసుకెళ్లాను. కొట్టతను గడ్డం గోక్కుంటూ చూసి, డబ్బాలోంచి కొత్త అద్దం మొత్తం, వెనక టోపీతో సహా తీసి, తలుపు ప్యానెల్ ఊడదీసి బిగించాడు. గాజు మీద కొత్త సరుకుకి ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర ఉంది. దాని మూల అతను గోటితో గీకబోతుంటే, "ఉండనీయండి, గీతలు పడకుండా ఉంటుంది" అన్నాను. అతనూ చెయ్యి తీసేశాడు. ఈ ఊళ్లో ఎవరి కారులో చూసినా సీట్ల ప్లాస్టిక్ కవర్లు చిరిగి పేలికలయ్యేదాకా తీయరు. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీది నీలం పొర ఇప్పటికీ ఉంది, ఫ్రిజ్ రెండుసార్లు రిపేరుకి వెళ్లొచ్చినా.

అద్దం వెనక రెండు సన్నటి వైర్లు మిగిలాయి. అతను వాటికి నల్ల టేపు చుట్టి లోపలికి తోసేశాడు.

"అవేంటి?"

"హీటర్‌వి సార్. టేప్ కొట్టి లోపటికి నూకిన."

"కలపరా?"

"మన హైదరాబాద్ల అద్దానికి హీటర్ ఎందుకు సార్? ఏప్రిల్ల వచ్చి ముట్టుకోండ్రి. చెయ్యి కాలకపోతే నా పేరు మార్చుకుంట."

అప్పుడు కలపమని గట్టిగా అనాల్సింది. అనలేదు. నవ్వాను. అతని మాట నాకు చాలా నచ్చింది. ఇంటికి వెళ్లి అదే మాట నా మాటలా చెబుదామని దారిపొడుగునా వల్లించుకున్నాను కూడా.

చెప్పే అవకాశం రాలేదు. తను కిందికి దిగి, కారు స్టార్ట్ చేసి, బటన్ నొక్కి, కొంగు దోపుకుని నిలబడింది. కాసేపాగి కుడి అద్దం మీద అరచెయ్యి పెట్టింది. చుట్టూ తిరిగి వచ్చి ఎడమ అద్దం మీద పెట్టింది.

"అది వెచ్చగా ఉంది. ఇది మంచుగడ్డలా ఉంది."

"కొత్తది కదా, అలవాటు పడాలి" అన్నాను.

"ఏం, అత్తారింటికి వచ్చిందా అలవాటు పడటానికి? బాగవలేదు. బాగు చేయించండి."

బాగవలేదన్న మాట వినగానే నాకు కడుపులో చల్లగా అనిపించింది. అంటే రేపు కూడా నేనే నడుపుతాను. ఎల్లుండి కూడా. అలా కొన్నాళ్లు గడిచాయి. ఆఫీసుకి రోజూ ఆలస్యంగా చేరేవాణ్ణి. చాయ్ బండి దగ్గర అడిగితే, జవహర్‌నగర్ కుక్కలు లారీలకి ట్రాఫిక్ పోలీసు పని చేస్తున్నాయనీ, వాటి కింద నేను ట్రైనింగులో ఉన్నాననీ చెప్పాను. తను మాత్రం పక్క సీట్లో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకునేది. నా డ్రైవింగు గురించి ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే నాకు భయంగా ఉండేది. ఒకరోజు పేపర్ల మీద నుంచి తల ఎత్తకుండా, "రేపు కరెంటు పని చేసేవాడి దగ్గరికి వెళతారా, నేను సెలవు పెట్టి వెళ్లనా?" అంది.

వెళ్లాను. నాచారంలో ఫ్యాక్టరీల గోడ వెంబడి రేకుల షెడ్డులో కార్ల ఎలక్ట్రీషియన్ ఒకతనున్నాడు. నలభై ఏళ్లుంటాయి, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. సంగతంతా విని, నాకంటే ముందే తీర్పు చెప్పేశాడు.

"ఫ్యూజ్ పోయింది సార్. ఇంకేం లేదు."

ఫ్యూజు తీసి చూశాడు. బాగానే ఉంది. దాన్ని అలాగే పెట్టేసి, "అయితే స్విచ్చి" అన్నాడు. స్విచ్చే పోతే కుడి అద్దం ఎలా వేడెక్కుతోందని అడిగాను. నావైపు కొత్తగా చూశాడు.

"గట్లనా? జర ముందుగాల చెప్పాలె గద సార్."

నేను మొదట చెప్పింది అదే.

అతను వెడల్పాటి ప్లాస్టిక్ పుల్ల ఒకటి తెచ్చి గాజు అంచు కిందికి దూర్చి ఎత్తాడు. పటక్కుమని చప్పుడైంది. గాజు పగిలిందనుకున్నాను. గాజు పగలలేదు, వెనక గొళ్లెం ఊడింది. టేపు చుట్టిన వైర్లు బయటికి లాగి, టెస్టింగ్ బల్బు పెట్టి, నన్ను బటన్ నొక్కమన్నాడు. బల్బు వెలిగింది.

"కరెంటొస్తుంది. వైర్లే కలపలే. ఎవడు జేసిండు సార్ ఈ పని?"

"ఉప్పల్లో."

"గట్లనే ఉంటది ఉప్పల్ల." నాచారం నుంచి ఉప్పల్ ఏదో పరాయి దేశమైనట్టు అన్నాడు. గాజు వెనక రెండు పిన్నులకి రెండు వైర్లు గుచ్చి, గాజుని మళ్లీ నొక్కి బిగించాడు. ఆ తర్వాత అసలు బాంబు పేల్చాడు. "సార్, ఇది ఆటోమేటిక్‌గ బందయితది. మేడంకి మాటిమాటికి నొక్కుడు తక్లీఫ్ గద. డైరెక్ట్ ఇచ్చెయ్యనా? బండి స్టార్టయిందంటే అద్దం గరం. మస్తుంటది."

"ఆగకుండా వేడెక్కుతూనే ఉంటుందా?"

"ఉంటది."

"వైరు కాలితే?"

"కాలదు సార్. కాలితే అప్పుడు సూద్దాం."

నేను చెప్పే కథల్లో ఇప్పటిదాకా చాలా కార్లు తగలబెట్టాను. ఒకటైతే ఉప్పల్ చౌరస్తాలో మండుతూనే సిగ్నల్ దగ్గర ఆగింది, పచ్చ పడ్డాక మళ్లీ కదిలింది. ఆ కార్లలో ఎవరూ లేరు కాబట్టి చెప్పగలిగాను. ఈ కారులో ఎవరుంటారో నాకు తెలుసు. డైరెక్టు గిరెక్టు ఏమీ వద్దని, ఉన్నది ఉన్నట్టు ఉంచమని చెప్పి చెయ్యి అడ్డం పెట్టాను.

బటన్ నొక్కి, కాసేపాగి అద్దం మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం అరచేతికి తగలగానే తనొక్కతే ఆ మంచులోకి వెళ్లడం కళ్లముందు కనబడింది. అతను పక్కన నిలబడి, "ఫికర్ జేయకుండ్రి సార్, సూపర్ అయింది" అంటున్నాడు.

ఇంటికొచ్చాక వెంటనే చెప్పలేదు. మొదట పరీక్షించాలనుకున్నాను. రోజూ సాయంత్రం కూరగాయలకని కిందికి దిగి, అద్దం మీద నోటితో ఆవిరి ఊది, బటన్ నొక్కి చూసేవాణ్ణి. ఆవిరి పోయేది. అది ఆగిపోయాక మళ్లీ నొక్కేవాణ్ణి. మళ్లీ పోయేది. ఒక్కసారైనా పోకుండా ఉంటుందేమోనని ఎన్ని సాయంత్రాలు ఊదానో. పై అంతస్తు ఆవిడ బాల్కనీలోంచి చూసి, "అన్నయ్యగారు అద్దానికి ముద్దులు పెడుతున్నారు" అని మా ఆవిడకి చేరవేసింది.

"బాగయిందన్నమాట" అంది తను.

"ఇంటి దగ్గర బాగయింది. మంచులో ఎలా ఉంటుందో తెలియదుగా. ఒకసారి నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని చూస్తాను."

"చూసి?"

"చూసి బాగుందంటే బాగున్నట్టే."

తను తాళం చేతికి తీసుకుంది. చాలా రోజుల తర్వాత ఆ తాళాల గుత్తి తన వేలికి తిరగడం చూశాను.

మర్నాడు మంచు ఇక్కడ ఉప్పల్లోనే మొదలైంది. కట్టి కట్టీ ఆగిపోయిన ఫ్లైఓవర్ స్తంభాలు నడుము వరకే కనబడుతున్నాయి. తను సీటు ముందుకు జరుపుకుని, నేను మార్చిన లోపలి అద్దం తనకి తగ్గట్టు సర్దుకుని, కదిలింది. నాచారం దాటాం. మల్లాపూర్‌లో బటన్ నొక్కింది. నేను కొంచెం ముందుకు వంగి ఎడమ అద్దం మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అంచుల దగ్గర తేమ తగ్గుతోంది. వెనకాల ఆటో లైటు కనబడింది. బైకు కనబడింది. బాగానే ఉందనుకున్నాను.

కుషాయిగూడ దాటాక పొగ కలిసింది. కిటికీలు మూసినా కాలిన ప్లాస్టిక్ వాసన లోపలికి వచ్చేసింది. ముందున్న వాహనం ఎర్ర లైట్లు తప్ప రోడ్డు లేదు. తను బాగా నెమ్మదిగా నడుపుతోంది. అప్పుడు ఎడమ అద్దంలో రెండు పెద్ద లైట్లు కనబడ్డాయి. ఎత్తుగా ఉన్నాయి. లారీ.

"వెనక లారీ ఉంది" అన్నాను.

"చూశాను. దూరంగా ఉంది."

ఆ లైట్లు కాస్త పెద్దవయ్యాయి. అంచు నుంచి అద్దం మధ్యలోకి జరిగాయి. జరిగి, ఆరిపోయాయి. ఆరిపోలేదు, మాయమయ్యాయి. అద్దం మధ్యలో అరచెయ్యంత మేర తెల్లటి మసక. దాని చుట్టూ అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మధ్యలో మాత్రం ఎవరో పాలు పోసినట్టుంది.

"ఆగిపోయాడనుకుంటా" అంది తను. ఎడమ వైపు ఇండికేటర్ వేసింది. బడికి వెళ్లే మలుపు దగ్గరికి వచ్చాం.

ఆ క్షణంలో నాకు నోరు పెగల్లేదు. ఎన్ని వేల మాటలు మాట్లాడిన నోరది. నా చెవి పక్కనే హారన్ మోగింది, కారంతా అదిరింది. తను స్టీరింగు కుడికి లాగింది. నా కిటికీ నిండా లారీ మీద కప్పిన టార్పాలిన్ పట్టా, దాని కింద తిరుగుతున్న చక్రం. పట్టా అంచు కిటికీ అద్దాన్ని తడిగా తుడిచి వెళ్లింది. ఆ చక్రానికున్న బోల్టులు నాకు ఒక్కొక్కటీ కనబడ్డాయి. అవి పోయాక కూడా ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

తను కారుని మూసి ఉన్న టిఫిన్ సెంటర్ ముందు ఆపింది. ఇంజిను ఆగిపోలేదు, తనే ఆపడం మరిచిపోయింది.

"ఇంటికి పోదాం" అన్నాను. "ఈ అద్దం పనికిరాదు. నువ్వే చూశావుగా. నేను నడుపుతాను."

తను దిగి, చుట్టూ తిరిగి నా వైపు వచ్చింది. కొంగుతో అద్దం తుడిచింది. మసక పోలేదు. గట్టిగా రుద్దింది. పోలేదు. అద్దం మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"వేడిగా ఉంది" అంది. "వేడెక్కుతోంది. మరి ఇది ఎందుకు పోవడం లేదు?"

నేనూ దిగాను. "లోపల నీళ్లు పట్టినట్టున్నాయి. గాజుకీ వెనక రేకుకీ మధ్యలో. అతుకు సరిగ్గా లేదు. మొత్తం మార్చాలి." చెబుతుంటే నాకే నమ్మకంగా అనిపించింది. మార్చడమంటే మళ్లీ ఉప్పల్, మళ్లీ నాచారం, ఈలోగా చలికాలం అయిపోతుంది.

తను వంగి అద్దానికి ముఖం దగ్గరగా పెట్టింది. వేలితో మధ్యలో నొక్కింది. మసక కొంచెం పక్కకి జరిగింది, నీళ్ల బుడగ జరిగినట్టు. మళ్లీ నొక్కింది. మళ్లీ జరిగింది. తర్వాత గోరు తీసుకెళ్లి మూలన పెట్టి గీకింది. గీకగా గీకగా సన్నటి అంచు ఒకటి లేచింది. దాన్ని పట్టుకుని లాగింది. కాగిన పాల మీద మీగడ లేచినట్టు ఆ పొర మొత్తం ఒకే ముక్కగా ఊడి వచ్చింది. దాని కింద అద్దం తళతళలాడుతూ బయటపడింది. అందులో మా ఇద్దరి ముఖాలూ ఉన్నాయి. నా ముఖం రంగు నాకే నచ్చలేదు.

ఎలక్ట్రీషియన్ దాన్ని చూసే ఉంటాడు, వాన నీళ్లు నిలవకుండా అందరూ అంటించుకునే ఫిల్మ్ అనుకుని ఉంటాడు. తను చూసి ఉంటుంది, అద్దం తీరే అంత అనుకుని ఉంటుంది. నేను మాత్రం ఏమీ అనుకోనక్కర్లేదు, నాకు తెలుసు. ఆ పొరకి ఎవరూ అంత వేడి అలవాటు చేసి ఉండరు. రోజూ సాయంత్రం కూరగాయల పేరుతో దిగి, కాచి, చల్లార్చి, మళ్లీ కాచి, దాని జిగురుని వదిలించింది నేనే. రాత్రి తేమ అందులోకి దూరింది.

"కంపెనీవాళ్లు తీయడం మరిచిపోయినట్టున్నారు" అన్నాను.

తను ఆ పొరని వేలికి చుట్టుకుంటూ నన్ను చూసింది. "కంపెనీవాళ్లా? మన ఫ్రిజ్ తలుపు చూసినవాళ్లకి చెప్పండి ఈ కథ."

అంతే అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మళ్లీ డ్రైవర్ సీట్లోకి ఎక్కుతుంటే, "ఇవాళ్టికి నేను నడుపుతాను, నీ చేతులు చూడు" అన్నాను. తను చేతులు చూసుకుంది. కాసేపు ఒళ్లో పెట్టుకుంది. ఆ తర్వాత గేరు వేసింది.

అక్కణ్ణించి బడిదాకా మిగిలింది కొంచెం దారే. బటన్ మళ్లీ నొక్కింది. అద్దం శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం నన్ను ఇంకా భయపెట్టింది. ఇంతకుముందు మసకలో దాగినవన్నీ ఇప్పుడు కనబడుతున్నాయి. లారీ వెనక లారీ, దాని వెనక ఇంకో జత లైట్లు, సందులోంచి దూరుతున్న బైకు. ఏదొస్తే అది చెబుదామని ముందుకు వంగి కూర్చున్నాను. "లారీ... దూరంగా... ఇంకో లారీ... ఆటో... లారీ దగ్గరికొస్తోంది..."

"ఏవండీ."

"ఊఁ?"

"మీ తల వెనక్కి తీయండి. నాకు అద్దం కనబడటం లేదు."

వెనక్కి వాలాను. వాలితే నాకు అద్దంలో ఏమీ కనబడదు, నా కిటికీ తప్ప. ఆ కొంచెం దూరం నా జీవితంలో అన్నిటికంటే పొడుగు ప్రయాణం. ఈ మాట నేను చెప్పే మిగతా మాటల్లాంటిది కాదు. రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకుని, తను ఎప్పుడెప్పుడు ఎడమకి కళ్లు తిప్పుతోందో మాత్రం చూశాను. తిప్పుతోంది. ప్రతిసారీ తిప్పుతోంది. నేను నడిపినప్పుడు అన్నిసార్లు తిప్పానా అంటే చెప్పలేను.

బడి గేటు దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు చలికి చున్నీలు తలకి చుట్టుకుని నిలబడి ఉన్నారు. తను వాళ్లకి చెయ్యి ఊపి కారు లోపల పెట్టింది. దిగేముందు, "బాగయింది కదా?" అంది.

నన్నే చెప్పమంటోంది. చెప్పాల్సింది నేనేనని ఒప్పందం. కాదనడానికి నాకు ఎన్ని కారణాలైనా పుట్టించే శక్తి ఉంది. వైర్ల అతుకు వదులుగా ఉందనొచ్చు. కుడిదాని కంటే తక్కువ వేడెక్కుతోందనొచ్చు. రేపో ఎల్లుండో గాజు పగులుతుందని ఆ ఎలక్ట్రీషియనే అన్నాడని చెప్పొచ్చు. తను నమ్మదు, కానీ నా ముఖం చూసి ఒకవేళ ఊరుకుంటుందేమో. అదే నాకు ఎక్కువ భయం వేసింది. నా ముఖం చూసి తను ఊరుకుని, స్టీరింగు వదిలేసి, నాకు దింపడం కుదరని రోజున మళ్లీ ఆ షేర్ ఆటోలో పడి వెళ్లడం.

"బాగయింది" అన్నాను.

నేను ఆటో పట్టుకుని నాచారం వచ్చాను. ఆ మర్నాటి నుంచి తను ఒంటరిగానే వెళ్లింది.

మొదటి రోజు పొద్దున నేను చాయ్ బండి దగ్గర ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. స్టోర్సాయన వచ్చి, "ఏంది అన్నా, ఇయ్యాల కథ లేదా?" అన్నాడు. "ఉంది, ఇంకా ఉడకలేదు" అన్నాను. చేరుకునే వేళ దాటింది. ఫోను రాలేదు. నేను చేయలేదు, నడుపుతుంటే మోగుతుందని. చాయ్ చల్లబడింది, ఇంకోటి చెప్పాను, అదీ చల్లబడింది. చివరికి మెసేజ్ వచ్చింది. "చేరాను." ఒక్క మాట.

సాయంత్రం ఇంటికి వచ్చింది. నేను కిందే ఉన్నాను, కూరగాయల సంచి లేకుండా. కారు చుట్టూ తిరిగాను. తలుపులు బాగున్నాయి. అద్దం బాగుంది. ముందు బంపరు మీద ఎండిన బురద చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఎలా వెళ్లావు?"

"మామూలే."

"మంచుందా?"

"ఉంది."

"లారీలు?"

"ఉన్నాయి. వెళ్లాను, వచ్చాను." సంచి భుజానికి తగిలించుకుని మెట్లెక్కుతోంది. "ఏమీ కాలేదండీ."

కథలు అల్లడం నా వృత్తి కాకపోయినా అదే నా జీవితం. ఏమీ జరగనివాళ్లు ఎలా మాట్లాడతారో నాకు తెలుసు. వాళ్లు కాస్త కల్పిస్తారు, ఎవరినో తిడతారు, ఎక్కడో ఆగి ఏదో తిన్నామంటారు. మాటలు ఇంత పొదుపుగా లెక్కపెట్టి ఇచ్చేవాళ్ల దగ్గర ఏదో ఉంటుంది. అదేమిటో అడగాలని మెట్ల మీద నా గొంతుదాకా వచ్చింది. అడిగితే చెబుతుంది. చెబితే నేను తాళం తీసి దాచేస్తాను. అది మా ఇద్దరికీ తెలుసు.

తను పైన తలుపు తీస్తూ, వెనక్కి తిరగకుండా అంది: "రేపు ఇంకాస్త ముందు బయలుదేరతాను. ఆ మలుపు దగ్గర నెమ్మదిగా వెళ్లడానికి టైం ఉంటుంది."

"సరే" అన్నాను. "నేను లేచి టీ పెడతాలే."